లోపలి పిడికిలి

మరిడమ్మ సిస్టరు వార్డులోకి వచ్చిందంటే ముందు మనిషి కాళ్ల దగ్గరికి వెళుతుంది. ముఖం సంగతి తర్వాత. దుప్పటి పైకి తోసి, రెండు పాదాల మీదా చెరో రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడుతుంది. ఆ తర్వాతే "ఏటమ్మా, ఎలాగున్నావు?" అని అడుగుతుంది. కొత్తగా వచ్చిన వాళ్లకు ఇదంతా మహా ఇబ్బంది. యాభై దాటిన మనిషి, అందులోనూ పెద్ద నర్సు, వచ్చి తమ కాళ్లు పట్టుకుంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? ఒకసారి శ్రీముఖలింగం వైపు నుంచి వచ్చిన ముసలి రైతు ఒకాయన చటుక్కున కాళ్లు ముడుచుకుని, "వొద్దు తల్లీ, నాకు పాపం సుట్టుకుంతాది," అని లేచి కూర్చున్నాడట. "పాపమేదో నానే మోస్తాను గానీ, నువ్వు ముందు కాలు సాపు మావా," అని ఆవిడ ఆ కాలు లాగి మరీ నాడి చూసింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మరిడమ్మ నోరు అంత మంచిదేమీ కాదు. అయినా శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు దాటి వెళ్లిన ఏ ఆడదాన్నయినా అడగండి, ఆవిడ తిట్లు ఒక్కటీ మర్చిపోకుండా అప్పజెబుతూనే ఆవిడ పేరు చెప్పి దణ్ణం పెడుతుంది. డాక్టర్లకూ ఆవిడ నోరంటే భయమే. కాకపోతే వాళ్లు దణ్ణం పెట్టరు, "అలాగే సిస్టర్" అంటారు.

ఆవిడది నౌపడకు అవతల, సముద్రం ఒడ్డున చేపల వాళ్ల పల్లె. ఊరి అమ్మవారి పేరే పెట్టారు. నర్సు చదువుకు పోతానంటే తండ్రి పెద్దగా ఆలోచించలేదు. "సేపల కంపు పోయి మందుల కంపొస్తాది, అంతే గదా. ఎల్లు," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్లిన మనిషి ఇరవై ఏడేళ్లయినా మళ్లీ వెనక్కి చూడలేదు. పెళ్లయింది, ఇద్దరు కూతుళ్లు పుట్టారు, వాళ్లకూ పెళ్లిళ్లయ్యాయి. అవన్నీ డ్యూటీకీ డ్యూటీకీ మధ్యలో జరిగిపోయిన పనులు.

ఈ పాదాల పిచ్చి మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు. పన్నెండేళ్ల కిందట రాజకుమారి అని ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి కాన్పయ్యాక రక్తం ఆగలేదు. విశాఖపట్నం తీసుకెళ్లమన్నారు. అంబులెన్సు వెనకాల మరిడమ్మ ఎక్కింది. బొడ్డుకు కొంచెం పైన పిడికిలి పెట్టి వెన్నెముక తగిలేదాకా నొక్కి పట్టుకుంటే, గుండె నుంచి నడుము దాకా దిగే పెద్ద రక్తనాళం మూసుకుపోతుంది. నడుము కిందికి రక్తం రాదు, కాబట్టి కారదు. పట్టు సరిగ్గా దొరికిందా లేదా అన్నది కాళ్లలో నాడి చూస్తే తెలుస్తుంది. నాడి ఆగిందంటే దొరికినట్టే. ట్రైనింగులో అందరికీ చెప్పే విద్యే అది. చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది, చెయ్యడానికి మనిషిలో బలమంతా కావాలి.

ఎచ్చెర్ల దాటింది, రణస్థలం దాటింది. కుడి చెయ్యి తిమ్మిరెక్కితే ఎడమ చెయ్యి, ఎడమది తిమ్మిరెక్కితే కుడి చెయ్యి. బండి గతుకులో పడినప్పుడల్లా పట్టు జారేది. జారినప్పుడల్లా దుప్పటి తడిసేది. పూసపాటిరేగ దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులూ మొద్దుబారిపోయాయి. తగరపువలస వంతెన మీద రాజకుమారి వెళ్లిపోయింది. నీ తప్పేమీ లేదని ఎంతమంది చెప్పినా మరిడమ్మ ఒకటే మాట అనేది: "నా సేతుల్లో బలం సాలనేదు." అప్పటినుంచి ఆవిడ వేళ్లు మనుషుల పాదాల మీద నాడి వెతకడం మొదలుపెట్టాయి. అది ఉందంటే పైన అంతా నడుస్తున్నట్టేనని ఆవిడ లెక్క.

మూడేళ్ల కిందట ధనరాజ్ అని ఒక డాక్టరు వచ్చాడు. రక్తనాళాల్లోకి సన్నని గొట్టాలు పంపి వైద్యం చెయ్యడం ఆయన చదువు. నెమ్మదస్తుడు, మాట తక్కువ. ఒకరోజు నర్సులందరినీ కూర్చోబెట్టి, ఒక పొడుగాటి గొట్టం, దాని కొసన ముడుచుకుని ఉన్న బుల్లి బెలూను చూపించాడు. గజ్జలో చిన్న రంధ్రం చేసి దీన్ని రక్తనాళంలోకి పంపుతామని, పెద్ద నాళంలోకి చేరాక సెలైను నీళ్లు పంపి ఉబ్బిస్తామని, అది నాళాన్ని లోపలి నుంచి మూసేస్తుందని, ఆ కాస్త సమయంలో కింద రక్తం పోయే చోటును డాక్టర్లు సరిచేసుకోవచ్చని చెప్పాడు.

మరిడమ్మ లేచి నిలబడింది. "అంటే నా పిడికిల్నే లోపలెడతన్నారు."

ధనరాజ్ నవ్వాడు. "అంతే సిస్టర్. ఈ పిడికిలికి తిమ్మిరెక్కదు."

ఆ మాటకు ఆవిడ కళ్లు నిండిపోయాయి. పక్కనున్న వాళ్లు ఎందుకో అర్థంకాక ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

అయితే మన దగ్గర కొత్త వస్తువు రావడం ఒక ఎత్తు, దాన్ని బయటికి తియ్యడం ఒక ఎత్తు. బెలూనులు వచ్చి బీరువాలో కూర్చున్నాయి. కష్టమైన కేసు వచ్చినప్పుడల్లా పెద్దలంతా కలిసి, "మనకెందుకు, విశాఖ పంపేద్దాం," అనేవారు. తప్పు కూడా కాదు. కొత్త పని చేసి ప్రాణం పోతే ఎవరు జవాబు చెబుతారు? మరిడమ్మ మాత్రం బీరువా పక్కనుంచి వెళ్లినప్పుడల్లా వినబడేలా, "దాసుకోండి బాబూ, దాసుకోండి. దీపాలెట్టి పూజలు సెయ్యండి దానికి," అనేది.

అలాంటి రోజుల్లో దేవి వచ్చింది.

దేవికి ఇరవై తొమ్మిదేళ్లు. నౌపడ ఉప్పుమడుల్లో పని. మొగుడు లక్ష్ముడు ఉప్పు బస్తాలు మోస్తాడు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఆపరేషన్ కాన్పులే. ఇది మూడోది. ఈసారి మాయ పాత కోతల మీద నాటుకుని, గర్భసంచిలోకి వేళ్లు దిగేసింది. మామూలుగా బిడ్డ వెనకాలే మాయ ఊడి వచ్చేస్తుంది. ఇలా నాటుకున్నది ఊడదు. లాగితే నిమిషాల్లో ఒంట్లో రక్తమంతా పోతుంది. గర్భసంచి తీసెయ్యాల్సిందే. తీసేలోగా మనిషి మిగలాలి.

కాన్పుల డాక్టరు అనూరాధ విజయనగరం మనిషి. స్కానింగు కాగితాలు రెండుసార్లు చూసింది. దేవికి అప్పుడప్పుడూ రక్తం కనబడుతూనే ఉంది. వంద కిలోమీటర్లు బండిలో కుదుపుకుంటూ పోయే మనిషి కాదు. "ఇక్కడే చేద్దాం. ధనరాజ్, మీ బెలూను తియ్యండి," అంది.

ధనరాజ్ ఆ కాగితాలు తనూ ఒకసారి తిరగేశాడు. తర్వాత, "మొదటిది పాడైతే ఇంక రెండోది ఉండదు మేడం. పెట్టె మూసేస్తారు," అన్నాడు.

"పాడవదు," అంది మరిడమ్మ, తనను ఎవరూ అడక్కపోయినా.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్న ఏడు గంటలకు మరిడమ్మ సబ్బునీళ్ల గిన్నె పట్టుకుని దేవి మంచం దగ్గరికి వెళ్లింది. ఆపరేషన్ గదిలోకి వెళ్లే మనిషికి గోళ్ల రంగు, గోరింటాకు, పసుపు, పారాణి ఏవీ ఉండకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. రాయించింది మరిడమ్మే. ఒంటి రంగు మారితే కనబడాలి కదా, అందుకు. తీరా దుప్పటి తీసి చూస్తే దేవి పాదాలు చీలమండల దాకా ముద్దపసుపు. అంచున ఎర్రటి పారాణి. గోళ్లకు కూడా అదే. పక్కనే అత్తగారు నారాయణమ్మ, చేతులకు పసుపుతో, రెండు పాదాలకూ అడ్డంగా నిలబడి ఉంది.

"తప్పుకో అప్పా, కడగాల," అంది మరిడమ్మ.

"కడగనివ్వను."

"ఏటి, కడగనివ్వవా? గోడ మీద రాసిందేటో సూసినావా?"

"నాకు సదువు రాదు." నారాయణమ్మ పసుపు చేతులు రెండూ అడ్డం చాపింది. "నా తోడబుట్టిన అప్ప ఇలాగే పురిటికెల్లింది. కంగారులో కాళ్లకి పసుపెట్టనేదు ఎవ్వులూ. ఒట్టి కాళ్లతో ఎల్లిపోనాది. మల్లీ రానేదు. నువ్వూ మా పక్క మడిసివే గదమ్మా. నీకు తెల్దా?"

తెలుసు. అదే వచ్చిన చిక్కు. పసుపు పాదాల ముత్తయిదువను గండం ముందు కూర్చోబెట్టి, ఆ పసుపు కడిగి ఒట్టి కాళ్లతో పంపడమంటే ఏమిటో అనూరాధకు తెలియకపోవచ్చు, ధనరాజ్‌కు తెలియకపోవచ్చు, మరిడమ్మకు తెలుసు. తన రెండు కాన్పులకూ తల్లి ఇలాగే పసుపు రాసింది. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో ఎంతమంది కాళ్లు కడిగిందో లెక్కలేదు. ఆ వేళ మాత్రం చెయ్యి రాలేదు. పొట్టా గజ్జా ఎలాగూ మందు పెట్టి శుభ్రం చేస్తారు, పాదాల దాకా ఎవరు పోతారులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. గిన్నె కింద పెట్టి, పసుపు మీదనే వేళ్లు ఆనించి నాడి చూసింది. రెండు పాదాల్లోనూ బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది. కాగితం మీద రాసుకుంది.

"పద," అంది దేవితో. నారాయణమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

తొమ్మిదింటికి మొదలైంది. ధనరాజ్ దేవి కుడి గజ్జలోంచి గొట్టం పంపాడు. తెర మీద చూసుకుంటూ మూత్రపిండాల నాళాలకు దిగువన బెలూను నిలిపాడు. ఒకసారి ఉబ్బించి, పాదంలో నాడి ఆగడం చూసి, మళ్లీ దించేశాడు. "రక్తం పోటు తోస్తూ ఉంటుంది. బెలూను కిందికి జారాలని చూస్తుంది. గొట్టం ఇక్కడ పట్టుకుని కదలనివ్వకూడదు. ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు.

ఆ ప్రశ్న ఎందుకడిగాడో ఆయనకే తెలియాలి. మరిడమ్మ చెయ్యి అప్పటికే గొట్టం మీద ఉంది.

అనూరాధ కోసింది. బిడ్డ బయటికి వచ్చింది. ఆడపిల్ల, వస్తూనే గది అదిరిపోయేలా ఏడ్చింది. బొడ్డు కోసి పిల్లల డాక్టరుకు అందించారు. మాయ ఉన్నచోటల్లా నల్లగా ఉబ్బిన నరాలు కనబడ్డాయి. ఒకటి చిట్లింది. ఒక్క క్షణంలో అంతా రక్తం, ఏదీ కనబడడం లేదు.

"బెలూన్!" అంది అనూరాధ.

ధనరాజ్ నీళ్లు పంపాడు. మరిడమ్మ వేళ్ల మధ్య గొట్టం బిగుసుకుంది, లోపల్నుంచి ఎవరో లాగుతున్నట్టు. తండ్రి పడవలో గేలం తాడు పట్టుకుంటే పెద్ద చేప తగిలినప్పుడు ఇలాగే ఉండేది. పట్టు విడవలేదు. రక్తం తగ్గింది, సన్నబడింది, ఆగింది. పట్టుకారుల మధ్య గర్భసంచి స్పష్టంగా కనబడింది.

"కనబడుతోంది," అంది అనూరాధ. ఆ ఒక్క మాటతో గదంతా ఊపిరి పీల్చుకుంది.

నలభై నిమిషాలు దాటకూడదని ముందే అనుకున్నారు. దాటితే రక్తం అందక కాళ్లు చెడతాయి. ప్రతి ఐదు నిమిషాలకూ మరిడమ్మ టైము చెబుతోంది. పది. పదిహేను. పాత ఆపరేషన్ల వల్ల మూత్రసంచి అంటుకుపోయి ఉంది, అనూరాధ దాన్ని ఓపిగ్గా విడదీస్తోంది. ఇరవై. "సార్, జారుతన్నాది," అంది మరిడమ్మ. అర అంగుళం కూడా కాదు, కళ్లకు కనబడేది కాదు. ధనరాజ్ తెర మీద చూసి సరిచేశాడు. ఇరవై ఐదు. ముప్పై. గర్భసంచి బయటికి వచ్చింది. కుట్లు. ముప్పై ఎనిమిదో నిమిషంలో, "వదలండి, నెమ్మదిగా," అంది అనూరాధ.

ఒక్కసారిగా వదిలితే పైనున్న రక్తమంతా కాళ్లలోకి దిగిపోయి గుండె ఆగుతుంది. ధనరాజ్ బొట్టుబొట్టుగా నీళ్లు లాగాడు. మత్తు డాక్టరు కొత్త రక్తం సంచులు ఎక్కిస్తున్నాడు. రక్తపోటు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగింది, మెల్లిగా లేచింది. కింద ఒక్క చుక్క కారలేదు.

అప్పుడు వాళ్ల సంతోషం చూడాలి. మాట తక్కువ ధనరాజ్ చప్పట్లు కొట్టాడు. అనూరాధ గోడకు చేరగిలబడి, మాస్కు లోపలే ఏడుస్తూ నవ్వింది. వరండాలో లక్ష్ముడు బిడ్డను ఎత్తుకుని కనబడ్డవాళ్లందరికీ చూపిస్తున్నాడు. విశాఖకు, విజయనగరానికి ఫోన్లు వెళ్లాయి. మరిడమ్మ గొట్టం వదిలి చేతులు చూసుకుంది. కొంచెం కూడా వణకడం లేదు. రాజకుమారీ, చూశావా అనుకుంది మనసులో.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండును. కానీ కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు, మేలు జరిగాక కీడెంచేవాళ్లు మాత్రం తక్కువ.

గజ్జలో గొట్టం తీసి, గట్టిగా అదిమి కట్టు కట్టి, దేవిని పక్కగదిలోకి మార్చారు. మరిడమ్మ అలవాటు ప్రకారం పాదాల దగ్గరికి వెళ్లింది. ఎడమ పాదంలో నాడి సన్నగా ఉంది. కుడి పాదంలో లేదు. సరే, ఇంకా చలి తీరలేదేమో అనుకుని దుప్పటి కప్పింది. పావుగంట తర్వాత మళ్లీ చూసింది. ఎడమది బలపడింది. కుడిది లేదు.

రక్తంలో ప్రాణవాయువు కొలిచే క్లిప్పు కాలివేలికి పెట్టి చూసింది. అంకె రాలేదు. ఎడమ కాలికి మార్చింది. అక్కడా రాలేదు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ వచ్చి చూసి, "ఆ పారాణికీ పసుపుకీ ఎలా వస్తుంది సిస్టర్? మెషీను చదవలేదు. రంగు కూడా రెండూ ఒకేలా ఉన్నాయిగా," అంది. నిజమే. రెండూ పసుపుపచ్చగా, నిండుగా, పెళ్లికూతురి పాదాల్లా ఉన్నాయి. ఆ నిండుదనం కిందే ఏదో దాక్కుని ఉందని మరిడమ్మకు అనుమానం వచ్చింది.

మనిషి అన్నాక భయం ఉంటుంది. ఇప్పుడు నోరు విప్పితే ముందు తన తప్పే బయటపడుతుంది. గోడ మీద రూలు రాయించిందీ తనే, తప్పిందీ తనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అక్కడితో పోదు. బెలూను వల్ల కాలు పోయిందన్న మాట పుట్టిందంటే ఆ పెట్టె మళ్లీ జన్మలో తెరుచుకోదు. అవతల అందరూ సంబరంలో ఉన్నారు. ఇంకో గంట చూద్దామని ఎవరైనా అనుకుంటారు. కానీ మంచం మీద ఉన్నది ఉప్పుమడుల్లో పొద్దస్తమానం నిలబడి బతికే మనిషి. ఆ కాలు పోతే ఆ ఇల్లు పోయినట్టే. మరిడమ్మ అర నిమిషం కంటే ఎక్కువ ఆలోచించలేదు.

స్పిరిటు సీసా తెచ్చింది. దూది ముద్దలు ముంచి తుడవడం మొదలుపెట్టింది. ఎడమ పాదం ముందు. పసుపు పోయి, ఉప్పునీళ్లకు పగిలిన మడమలతో, నెత్తురు తిరుగుతున్న కాలు బయటపడింది. తర్వాత కుడి పాదం. పసుపు కింద పాదం బూడిద రంగులో ఉంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రాలేదు.

ధనరాజ్ ఫోనులో ఎవరికో నవ్వుతూ చెబుతున్నాడు. మరిడమ్మ ఆ ఫోను చేతిలోంచి లాక్కుంది. "సార్, కుడికాల్లో నాడి నేదు. పొద్దున్న ఉన్నాది, నానే రాసినాను. పసుపు కడక్కుండా నానే పంపినాను, తప్పు నాదే. తిట్టడానికి తరవాత టైముంటాది. ముందు రండి."

ఆయన వచ్చాడు. నాడి చప్పుడు వినిపించే చిన్న డాప్లరు పరికరం ఎడమ పాదం మీద పెడితే గుర్రం పరిగెడుతున్నట్టు చప్పుడు. కుడి పాదం మీద పెడితే ఏమీ లేదు. "గొట్టం తీసిన చోట రక్తం గడ్డ కట్టింది. నాళం మూసుకుపోయింది. ఇప్పటికి గంటన్నా కాలేదు. ఇప్పుడే తియ్యాలి," అన్నాడు. అప్పుడు కూడా ఒక్క మాట అనలేదు ఆవిడను. పైగా, "ఎన్ని గంటలకు చూశారు?" అని టైము రాసుకున్నాడు.

రెండో ఆపరేషనుకు సంతకం కావాలి. మరిడమ్మే వరండాలోకి వెళ్లింది. నారాయణమ్మ ఆవిడ చేతుల వైపు చూసింది. దూదికి అంటిన పసుపంతా ఆ వేళ్లకు ఉంది.

"కడిగీసినావా?" అంది నారాయణమ్మ. "నా కోడలు బతికుండగానే కడిగీసినావా?"

"బతికుండాలనే కడిగీసినాను అప్పా. నీ పసుపు మంచిదే. దాని కింద కాలు సచ్చిపోతన్నాదని నాకు కనబడనేదు. పొద్దున్నే కడిగుంటే బేగి కనబడేది. ఆ తప్పు నాది, నీది కాదు. ఇప్పుడు నీ కొడుకు సంతకమెడితే కాలు తెస్తాను."

లక్ష్ముడు బిడ్డను తన తల్లి చేతిలో పెట్టి, కాగితం మీద సంతకం చేశాడు. నారాయణమ్మ బిడ్డను ఒడిలో సర్దుకుని, కొంగుతో మరిడమ్మ వేళ్ల మీద పసుపు తుడిచింది, ఒక్కొక్క వేలూ, మెల్లిగా. "ఎల్లు తల్లీ. బేగెల్లు," అంది.

ఈసారి పని చిన్నదే. గజ్జలో రెండంగుళాల కోత, నాళానికి ఒక గాటు. ధనరాజ్ చేతిలో ఇంకో గొట్టం, దాని కొసన మినపగింజంత బెలూను. గడ్డను దాటించి లోపలికి పంపాడు, అవతల ఉబ్బించాడు, వెనక్కి లాగాడు. ఒక బెలూను రక్తాన్ని ఆపితే ఈ రెండోది దానికి దారి తెరుస్తోంది. మొదటిసారి లాగితే చిన్న ముక్క వచ్చింది. రెండోసారి లాగితే జలగలాగా, నల్లగా, వేలెడు పొడవు గడ్డ జారి గిన్నెలో పడింది. వెనకాలే ఎర్రటి రక్తం చిమ్మింది. ధనరాజ్ నాళం కుట్టి, బిగించిన పట్టు వదిలాడు.

మరిడమ్మ పాదం దగ్గర కూర్చుని ఉంది. బొటనవేలికీ పక్కవేలికీ నడుమ నుంచి పైకి వచ్చే చోట రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుంది. ఏమీ లేదు. అనూరాధ తలుపు దగ్గర నిలబడి ఉంది. వేళ్ల కింద చల్లటి చర్మం, అంతే. నిమిషం గడిచింది. అప్పుడు ఒక్కసారి ఏదో కదిలింది. తన వేలిదేమో అనుకుంది. మళ్లీ కదిలింది. మళ్లీ. ఆగి ఆగి, తర్వాత ఆగకుండా.

"వొచ్చీసినాది!" అని అరిచింది మరిడమ్మ. థియేటర్లో గొంతెత్తకూడదని అందరికీ చెప్పే మనిషి, బయట వరండాలోకి వినబడేలా అరిచింది. "వొచ్చీసినాది బాబూ! కొడతన్నాది! సూడండి, సూడండి, గోరెర్రబడతన్నాది!"

ధనరాజ్ వచ్చి చూశాడు. అనూరాధ వచ్చి చూసింది. చిన్న డాక్టరమ్మ వచ్చి, తను కూడా వేలు పెట్టి చూస్తానంది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు అందరూ ఆ పగిలిన పాదాన్ని ముట్టుకున్నారు. ఆ రోజు అక్కడ పాపం ఎవరికీ చుట్టుకోలేదు.

తర్వాత మీటింగు జరిగింది. మరిడమ్మ తన తప్పు తనే రాసి సంతకం చేసి ఇచ్చింది. దాని మీద పెద్ద డాక్టరు ఒకటే ప్రశ్న వేశాడట: "ఈవిడ పాదాలు చూడకపోతే మనకు ఎప్పుడు తెలిసేది?" ఆ వారంలోనే రెండు పనులు జరిగాయి. బెలూను పెట్టె బీరువాలోంచి కాన్పుల థియేటర్లోకి, చేతికందే అరలోకి వచ్చింది. బెలూను పెట్టిన ప్రతి మనిషికీ గంటకు నాలుగుసార్లు రెండు పాదాల్లోనూ నాడి చూసి రాయాలని కాగితం అచ్చు వేశారు. పసుపు రాయాలనుకునే అత్తగార్లకు మరిడమ్మే మార్గం చెప్పింది: నుదుట రాసుకోండి, మంగళసూత్రానికి రాసుకోండి, కాలు మాత్రం నాకొదిలెయ్యండి. ఇప్పటికి అలా నలుగురు తల్లులు వచ్చారు. నలుగురూ ఇళ్లకు వెళ్లారు. ఒక్కరూ తగరపువలస వంతెన ఎక్కలేదు.

దేవిని పదమూడో రోజు పంపారు. పొద్దున్న పది గంటలు. చక్రాల కుర్చీ తెస్తే, "ఏటి, నాకు కాళ్లు నేవా?" అని తోసేసింది. మరిడమ్మ పక్కనే నడుస్తూ దారంతా చెబుతూనే ఉంది. బరువెత్తకు, కిందా మీదా పడకు, మూడు నెలల దాకా ఉప్పుమడి వైపు చూడకు, కుట్లు తడపకు. దేవి అన్నిటికీ "అలాగేనమ్మా" అంటోంది. నారాయణమ్మ బిడ్డనెత్తుకుని, లక్ష్ముడు సంచులు పట్టుకుని ముందు నడిచి గేటు బయటికి వెళ్లారు.

అంతలో టెక్కలి మీదుగా నౌపడ వెళ్లే బస్సు వచ్చి ఆగింది. లక్ష్ముడూ నారాయణమ్మా ఎక్కేశారు. కండక్టరు ఇంకెవరూ లేరనుకుని రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలింది.

"ఓలమ్మో, నా బస్సు!" అని దేవి పరుగు తీసింది.

"ఒసే ఒసే! పరిగెట్టకే! పొట్టకి కుట్లున్నాయే!" మరిడమ్మ వెనకాలే పరిగెత్తింది. "ఒరే డ్రైవరూ, ఆపరా! దాన్ని ఇంతమందిమి కలిసి బతికించింది నీ బస్సెనక పరిగెట్టడానికేట్రా!"

దేవి ఆగలేదు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని పది అంగలు వేసింది. బస్సు ఆగింది. కడ్డీ పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి ఎక్కింది. మరిడమ్మ గేటు దగ్గరే నిలబడిపోయి, బస్సు మలుపు తిరిగేదాకా తిడుతూనే ఉంది, కన్నీళ్లు తుడుచుకోకుండా.